బ్రేకుకు చుట్టిన దారం

నలభై ఏళ్ళు దుకాణం నడిపాను. చెడిపోయినవాటిని బాగు చేశాను, బాగు కానివాటిని తిప్పి పంపాను, ఏ పాపం ఎరగని రెండు మూడు గోడ గడియారాలను నా చేతులతోనే చంపాను. అవన్నీ మామూలే. ఈ పనిలో ఉన్నవాడెవడైనా రెండో చాయ్ తాగాక ఇంతమాత్రం ఒప్పుకుంటాడు. కానీ ఒక్క మెషిన్‌ను మాత్రం ఏ లోపమూ లేకుండా బాగు చేసి, ఆ బాగుచేయడంతోనే చెడగొట్టాను. ఫోన్లు విప్పుకుంటూ కూర్చునే మీలాంటి కుర్రవాళ్ళకు ఆ సంగతి చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. కొంచెం ఉంది. అయినా చెబుతాను.

మహబూబ్‌నగర్‌లో బస్టాండు వెనక సందులో ఉండేది నా దుకాణం. గడియారాలు, కుట్టుమిషన్లు, ఎప్పుడో ఒకసారి గ్రామఫోను. పని నేర్పిన ఉస్తాద్ ఆ దుకాణాన్నీ నాకే అప్పజెప్పి పోయాడు. దుకాణంతో పాటు ఆయన కోపం కూడా నాకే వచ్చిందని మా ఇంట్లో అంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. మెషిన్‌లోంచి తీసింది ఏదైనా సరే, విరిగిన స్క్రూ ముక్కయినా సరే, కాగితంలో చుట్టి గిరాకీ చేతికి తిరిగివ్వాలి. "అది వాళ్ళ సామాను. పారేసుడా, దాచుకునుడా, వాళ్ళ ఇష్టం. నువ్వెవనివిరా పారేసెటందుకు?" అనేవాడు. నలభై ఏళ్ళూ ఆ మాట మీదే ఉన్నాను. తప్పింది ఒకే ఒక్కసారి.

మా పాలమూరు జిల్లా ముక్కలై కొత్త జిల్లాలు వచ్చిన తొలి రోజులవి. గడియారాల పని సన్నగిల్లి, దుకాణంలో సగం జాగా ఫోన్లు బాగుచేసే ఒకాయనకు కిరాయికి ఇచ్చాను. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. రోజంతా నా పక్కనే కూర్చుని, నేను అడగని సంగతులన్నీ చెప్పేవాడు. అందులో సగం నిజాలే అయ్యేవి, అదే నాకు పడేది కాదు.

ఒకరోజు పొద్దున ఒక పెద్దామె వచ్చింది. డెబ్భై పైనే ఉంటుంది. దుప్పట్లో మూటగట్టిన పెట్టెను కొత్తకోట నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. కండక్టరు కింద పెట్టమన్నా పెట్టలేదట. మూట విప్పితే చాబీ ఇచ్చే గ్రామఫోను. టేకు పెట్టె, మూత లోపల బొట్లు. ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు.

"చాబీ ఎంత తిప్పినా తిరుగుతనే ఉన్నది బిడ్డా, బిగుసుకుంటలేదు," అంది. "మునుపు ముప్పై సుట్లకు చెయ్యి నొచ్చేది."

"స్ప్రింగు తెగింది పెద్దమ్మా. పది దినాలు పడ్తది."

"పది దినాలా? జర జల్ది కాదా?"

ఇంత పాత పెట్టెకు ఇంత తొందరేమిటని అడిగాను. అడిగాక ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా ఇంటాయినెకు కుడి దిక్కు కాలు చెయ్యి పడిపోయి నాలుగు నెల్లాయె. మాట గూడ పోయింది. దవాఖానల డాక్టరు ఏమన్నడంటే, ఆయినెకు తెల్సిన పనే చేపియ్యిన్రి, కాలు కదపకపోతె ఇంకో రెండు నెల్లకు గట్లనే బిగుసుకపోతది అన్నడు. ఆయినెకు తెల్సింది ఒక్కటే పని, నేసుడు. పట్టుకపోయి మగ్గం కాడ కూసోబెట్టిన. కూసుంటడు. పడుగు దిక్కు సూస్తడు. కాలు మాత్రం కదపడు. యాభై ఏండ్ల సంది గీ పెట్టెల పాట ఇనుకుంటనే నేసిండు బిడ్డా. పాట లేకనే కాలు పడ్తలేదని నా మనసుకు కొడ్తున్నది."

ఫోన్లాయన తల ఎత్తాడు. "గా పాటేందో చెప్పు అవ్వా, ఫోన్ల ఏసిస్త. దీన్ని మోసుకొచ్చుడెందుకు?"

"మా మనుమడు ఏసిండు నాయినా. గదే పాట. రెండు ముక్కలు ఇన్నడో లేదో మొఖం తిప్పుకున్నడు."

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. రోగం పేరు ఆమె నా ముందే చెప్పేసింది, నేను మాత్రం స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నాను.

మగ్గం మీద ఏమన్నా ఉందా అని మాటవరసకు అడిగాను. సగం చీర ఉందట.

"ఇంకొకలతోని నేపియ్యొచ్చు గద పెద్దమ్మా?"

"చెయ్యి మారితె బట్ట మీద చార పడ్తది. ఒక్కొక్కల దెబ్బ ఒక్కొక్క తీరు. ఆయిన బతికుండంగ ఆయిన పడుగుల ఇంకొకల చెయ్యి పెట్టనియ్య."

"ఎవరి చీర?"

"ఎవరిదైతేంది? సగం చీర సగం చీరే," అని లేచి బస్సుకు వెళ్ళిపోయింది.

ఇక పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. గ్రామఫోనును నడిపేది ఇత్తడి డబ్బీలో చుట్టచుట్టుకుని ఉండే ఉక్కు పట్టీ. చాబీ ఇస్తే బిగుస్తుంది, వదిలితే తిప్పుతుంది. అనుకున్నట్టే ఆ పట్టీ బయటి కొస దగ్గర తెగింది. డబ్బీ మూత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టాలి, ఎగిరి కొట్టేటప్పుడు ఆ పట్టీకి పెద్దా చిన్నా తేడా లేదు. తీశాను, కిరసనాయిలుతో కడిగాను, కొసను కాల్చి మెత్తబరిచి కొత్త చిల్లు పొడిచాను, కొత్త గ్రీజు పెట్టి మళ్ళీ చుట్టాను. రెండు రోజులు పట్టింది. ఇంతవరకు నా పనికి వంక లేదు.

వేగాన్ని అదుపులో పెట్టేది ఇంకొకటి ఉంటుంది. మూడు సీసపు గుండ్లు గిర్రున తిరుగుతూ, వేగం పెరిగితే బయటికి తెరుచుకుని ఒక చక్రాన్ని లాగుతాయి. ఆ చక్రం వచ్చి తోలు ముక్క వేసిన చిన్న బ్రేకుకు రాసుకుంటుంది. రాసుకోగానే వేగం అక్కడికి ఆగుతుంది. ఈ పెట్టెలో ఆ బ్రేకు మీద తోలు కనపడలేదు. రేగుపండంత నల్లటి ముద్ద ఉంది. బ్లేడుతో గీకితే దారం. పొర మీద పొర, నూనెలో నానిన నూలు దారం. తోలు అరిగిపోతే ఎవడో మొద్దుగాడు దారం చుట్టి పని కానిచ్చాడనుకున్నాను. విప్పుదామని చూస్తే ముడి దొరకలేదు. అంత సన్నటి, అంత గట్టి ముడిని అప్పటిదాకా నేను చూడలేదు. అక్కడైనా ఆగి ఆలోచించాలి కదా. నేను ఆగి బ్లేడు మార్చాను.

దారాన్ని కోసి ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. ఉస్తాద్ చెప్పింది సామాను గురించి; దారం సామానెట్లా అవుతుంది? దాని జాగాలో మెత్తటి తోలు కావాలి. బల్ల కింద నా పాత చెప్పు ఉంది. పదేళ్ళు తొడిగిన తోలు, వెన్నలా ఉంటుంది. చిన్న ముక్క కోసి అతికించాను. చాలా బాగా కుదిరింది.

దుకాణంలో ఉన్న ఒక పాత రికార్డు వేసి, దాని అంచు కింద కాగితం చీటీ పెట్టి, గడియారం ముందు పెట్టుకుని, చీటీ నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాను. డెబ్భై ఎనిమిది. ఎంతుండాలో అంత. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ అంతే. ఫోన్లాయనను పిలిచి చూపించాను. తన ఫోనులో కూడా కొలిచి, "డెబ్బై ఎన్మిదే ఉస్తాద్," అన్నాడు. ఆయన నన్ను ఉస్తాద్ అన్నది అదే మొదటిసారి.

పదోనాడు పెద్దమ్మ వచ్చింది. రికార్డు కూడా తెచ్చింది. ఒకే రికార్డు, భజన పాట. మధ్యలో ఉండే కాగితం చెరిగిపోయి, ఎవరు పాడారో తెలియదు. చాబీ ఇచ్చి వేశాను. పాట వచ్చింది, తాళాలు మద్దెల గణగణలాడాయి. ఆమె తల పక్కకు వంచి విన్నది.

"జర ఉర్కుతున్నదా బిడ్డా?"

"ఉర్కుతలేదు పెద్దమ్మా. గిదే సరైన స్పీడు. డెబ్బై ఎన్మిది," అని నిమిషమూ చీటీ లెక్కా అంతా వివరించాను. కళ్ళార్పకుండా విన్నది.

"నీకెర్కే గద," అంది. కాగితంలో చుట్టిన పాత స్ప్రింగు ముక్కా, అరిగిన రెండు స్క్రూలూ చేతిలో పెట్టాను. "గింతేనా? ఇంకేమన్న తీసినవా?"

"మురికి తీసిన," అన్నాను.

నాలుగో రోజున మళ్ళీ వచ్చింది, అదే దుప్పటి మూటతో. చెమట తుడుచుకుంటూ కూర్చుని, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో చెప్పింది. మగ్గం పక్కన పెట్టి, బొట్టు పెట్టి, వేశారట. ఆయన పాట రెండు ముక్కలు విన్నాడట. ఎడమ చేయి చాపి, తిరుగుతున్న రికార్డు మీద అరచేయి పెట్టి ఆపేశాడట. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆపాడట. మూడోసారికి గోడ వైపు తిరిగి పడుకున్నాడట. రెండు రోజులుగా మగ్గం దగ్గరికి తీసుకుపోదామన్నా లేవడం లేదట.

"మునుపు కూసోనన్న కూసుండె," అంది.

నాకు ముక్కు మీదే కోపం. "మెషిన్ల తప్పు లేదు పెద్దమ్మా! కావాల్నంటే ఇంకోసారి లెక్కపెడ్త." చీటీ పెట్టి లెక్కపెట్టాను కూడా. నేను పట్టిన కుందేలుకు డెబ్భై ఎనిమిది కాళ్ళు.

ఫోన్లాయన తన పనిలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "మెషిన్ మంచిగనే ఉన్నది ఉస్తాద్. గా అవ్వ కాలు సూడు."

చూశాను. పాట నడుస్తుంటే పెద్దమ్మ కాలు కుర్చీ కింద నేలను తడుతోంది. పాట ఒకచోట ఉంది, కాలు ఒకచోట ఉంది. పాట ముందు పరుగెత్తుతుంటే కాలు తన దారిన తాను, నిదానంగా, ఒక్క దెబ్బ తప్పకుండా పడుతోంది.

"గదేంది పెద్దమ్మా?"

"ఏది? గిదా? మగ్గం దెబ్బ," అంది, తన కాలు కదులుతున్న సంగతి అప్పుడే తెలిసినట్టు. "మా మామ తెచ్చినప్పుడు గీ పెట్టె గిట్లనే ఉర్కేదట. మగ్గానికి కలుస్తలేదని లోపల దారం సుట్టిండు. ఆయినె పోయినంక మా ఇంటాయిన సుట్టేది. ఏటేట దసరకు మగ్గానికి పూజ చేసిన్నాడు దీన్ని గూడ ఇప్పి, అరిగిన పాత దారం మీదనే కొత్త దారం సుట్టి, బొట్టు పెట్టేటోడు." ఆగి నా వైపు చూసింది. "గా దారం ఉన్నది గద లోపల?"

బ్రేకు మీద దారం లావెక్కిన కొద్దీ చక్రం ముందే రాసుకుంటుంది, పాట నెమ్మదిస్తుంది. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆ పాట అంత నెమ్మదిగానే ఉంది. ఫోనులో వచ్చింది సరైన వేగం, నేను ఇచ్చింది కూడా సరైన వేగం. ఆయనకు రెండూ వేరే ఎవరి పాటలో. వేగం తగ్గించే పుల్లను చివరిదాకా లాగి చూశాను. ఆమె కాలు ఇంకా వెనకే ఉంది.

"సూస్త," అని లేచి చెత్తబుట్ట బోర్లించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అందులోని చెత్తను మున్సిపాలిటీ బండి తీసుకుపోయి వారం దాటింది. అయినా బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు వెతికాను. అరవై ఏళ్ళ మనిషి అట్లా వెతుకుతుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ కాసేపు నాకు కావాల్సింది అదే.

"పారేసిన పెద్దమ్మా," అన్నాను చివరికి. "మురికి అనుకున్న."

ఆమె తిట్టలేదు. తిడితే నేనూ ఒక మాట అని తేలిగ్గా ఉండేవాణ్ణి. "దారం మా ఇంట్ల కరువా," అంది మెల్లగా. "ఎన్ని సుట్లో ఆయినెకే ఎర్క. మరి దారం తీసేసి ఏం పెట్టినవ్?"

"తోలు."

"ఏం తోలు?"

"మంచి తోలు."

"చెప్పు తోలు అవ్వా," అన్నాడు ఫోన్లాయన. ఆయన నిజాలు చెప్పే సమయాలు అట్లాంటివి.

బొట్టు పెట్టి పూజ చేసే పెట్టె. అందులో నా కాలి చెప్పు. మొన్న కూడా పాపం ఆమె దానికి బొట్టు పెట్టే వేసింది. భూమి పగిలితే దూరిపోదునని అంటారే, మా సందులో అది సిమెంటు. దుకాణం ఫోన్లాయనకు అప్పజెప్పి, పనిముట్ల సంచీ తీసుకుని, పెట్టెను నా ఒళ్ళో పెట్టుకుని ఆమెతో పాటు కొత్తకోట బస్సెక్కాను. కండక్టరు కింద పెట్టమన్నాడు. పెట్టలేదు.

హైవే దిగి రెండు సందులు లోపలికి నడిస్తే వాళ్ళ ఇల్లు. లారీల మోత అక్కడిదాకా వినిపిస్తుంది. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద పసుపు పచ్చ చీర సగానికి ఆగి ఉంది. ఆయన గోడ వైపు తిరిగి మంచం మీద ఉన్నాడు. పెద్ద మనిషి, భుజాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పెద్దమ్మ ఆయన చెవి దగ్గర వంగి, "పెట్టె బాగు చేసిన మనిషొచ్చిండు. దారం పారేసిండట," అంది. అట్లా పరిచయం చేసింది నన్ను.

ఆయన ఇటు తిరిగాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మాట పోయిన మనిషి అంత చక్కగా తిట్టగలడని నాకు అప్పుడే తెలిసింది.

ఇద్దరం పట్టుకుని ఆయనను మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చోబెట్టాం. పక్కన పెట్టె పెట్టి, లోపలి స్ప్రింగు మోటారును పైకి తీశాను. ముందుగా నా చెప్పు తోలును పీకేశాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాను. పెద్దమ్మ నూలు కండె తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. నేను బ్రేకు పుల్లను కదలకుండా పట్టుకున్నాను. ఆయన ఒంటి చేత్తో చుట్టబోతే దారం జారిపోయింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ జారింది. కండెను విసిరికొట్టాడు. అది గుంటలో పడి దొర్లింది.

పెద్దమ్మ వంగి తీసుకుంది. కొసను తన వేళ్ళతో బ్రేకు మీద అదిమిపట్టి, కండెను మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. "నువ్వు తిప్పు, నేను పట్టుకుంట," అంది. ఆయన చుట్టడం, ఆమె బిగించడం. పెళ్ళయిన నాటి నుంచి ఆయనకు కండెలు చుట్టిన చేతులవి, దారం ఇక జారలేదు. కొన్ని చుట్లయ్యాక ఆయన ఆగాడు. మోటారు బిగించి పాట వేశాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ విప్పాను, ఇంకా చుట్టారు. మళ్ళీ వేశాను. మళ్ళీ తల అడ్డంగా. ఇట్లా ఆరుసార్లు. ఏడోసారి ఆయన ఊపలేదు.

ముడి మిగిలింది. ముడికి రెండు కొసలు కావాలి. ఒక కొసను ఎడమ చేతిలో పట్టుకుని, రెండోదాన్ని తెచ్చి, పడిపోయిన తన కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టాడు. పెద్దమ్మ పట్టుకోబోతే కసిరాడు. ఆ రెండు వేళ్ళూ ఎంతసేపటికో దగ్గరికి వచ్చాయి. పట్టుకున్నాయని అనను, దారం జారనివ్వలేదు, అంతే. ఎడమ చేయి దాని చుట్టూ తిరిగింది. నేను ముందు బ్లేడుతో కోసిన ముడి అదే. నాకు ఏడుపొచ్చింది, కిరసనాయిలు మరకల రుమాలుతో తుడుచుకుంటే కళ్ళు మండాయి కూడా.

పాట వేశాం. నా చెవికి అది నిద్రమత్తులో పాడినట్టే ఉంది. అలవాటు కొద్దీ చీటీ పెట్టి లెక్కపెట్టాను. అరవై ఒకటి. రికార్డు చేసినవాళ్ళు వింటే గుండె ఆగుతుంది. ఆయన ఎడమ కాలు తొక్కుడు కర్రను తొక్కింది. కుడి కాలు వంతు వచ్చింది, కదల్లేదు. పాట అయిపోయింది. పెద్దమ్మ చాబీ ఇచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నేను సంచీ సర్దుకుందామా అనుకున్నాను. నాలుగోసారి చరణం మధ్యలో, మద్దెల దెబ్బ దగ్గర, కుడి వైపు కర్ర కిందికి దిగింది. అంగుళం కూడా కాదు. కొలతలు కొలిచి బతికిన మనిషిని, అబద్ధం చెప్పను, అర అంగుళం.

పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకోపారి," అని మాత్రం అంది. ఎవరికి చెప్పిందో తెలియదు, నేనే చాబీ ఇచ్చాను.

ఆ తర్వాత నా దుకాణంలో పనికి వచ్చిన ఏ వస్తువునైనా విప్పేముందు ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: "దీనికి మీ ఇంట్లవాళ్ళు ఏమన్న చేసిన్రా?" చాలామంది కోపం తెచ్చుకున్నారు. చెడగొట్టారని అంటున్నాననుకున్నారు. మీరు అడిగినా అట్లాగే అనుకుంటారు. అడగండి.

మళ్ళీ దసరా దాటాక పెద్దమ్మ వచ్చింది. చేతిలో మూట లేదు. పెట్టె మళ్ళీ చెడిందా అని అడిగాను. "మంచిగున్నది. దసరకు కొత్త దారం సుట్టిండు," అంది. ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. మాటలు నాలుగైదు వచ్చాయట, అందులో రెండు తిట్లేనట. అప్పుడు చూశాను, ఆమె కట్టుకున్నది పసుపు పచ్చ చీర.

"గిదేనా పెద్దమ్మా, గా సగం చీర?"

"గిదే. నాకనే ఏసిండు, మంచం పట్టకముందు," అని సిగ్గుపడింది. ఆ వయసులో అంత సిగ్గుపడడం నేనెక్కడా చూడలేదు. కొంగు నా ముందుకు చాపింది. "చార పడ్డది సూడు."

కళ్ళజోడు పెట్టుకున్నా నాకు కనపడలేదు. ఫోన్లాయన లైటు వేసి వెతికినా దొరకలేదు. చివరికి ఆమే నా వేలు పట్టుకుని ఒకచోట ఆనించింది. అక్కడిదాకా గట్టిగా ఉన్న నేత, అక్కడి నుంచి కొంచెం వదులుగా మారింది. వెంట్రుకంత తేడా.

"గీడ," అంది. "గిది నువ్వొచ్చిన దినం."

వేలికి నూనె ఉందేమోనని గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.